ఫ్యాక్టరీ మూతపడిన నేలలో ఇళ్ళు కట్టాలంటే

(ఇంజనీర్లు, బిల్డర్లు, నగర ప్రణాళిక విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. సూటిగా విషయంలోకి వస్తాను.

మూతపడ్డ ఫ్యాక్టరీ స్థలం ఒకటి చేతికొచ్చింది. అక్కడ అపార్టుమెంట్లు కట్టాలి, లేదా బడి కట్టాలి, లేదా పార్కు వెయ్యాలి. కట్టేవాళ్ళు మొట్టమొదట అడిగే ప్రశ్న ఏమిటి? "ఎంత లోతు తవ్వి ఎత్తిపోయాలండీ?" దాదాపు ఎప్పుడూ ఇదే ప్రశ్న. మొదటి రోజున దీనికి జవాబు ఎవరి దగ్గరా ఉండదు. ముందు తెలుసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఏ విషం ఉంది? ఎక్కడ ఉంది? ఎంత ఉంది? ఏ దారిన మనిషిని చేరుతుంది? ఈ నాలుగూ తెలియకుండా పొక్లెయిన్ దింపితే ఏమవుతుందో ఒక చిన్న లెక్క చూడండి. ఎకరం నేలను ఒక్క మీటరు లోతు తవ్వితే 4,000 ఘనపు మీటర్ల మట్టి. బరువులో సుమారు 7,200 టన్నులు. లారీకి 18 టన్నులు వేసుకుంటే 400 ట్రిప్పులు. పైగా తవ్విన మట్టి వదులై 20 నుంచి 30 శాతం ఉబ్బుతుంది. ఆ గొయ్యి పూడ్చడానికి మంచి మట్టి తేవాలి కదా, దానికి మరో 400 ట్రిప్పులు. ఇంతా చేసి అసలు విషపు గుంట రెండో మీటరులో ఉండిపోతే?

ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ గంటసేపూ దాని చుట్టూనే తిరుగుతాం. శుద్ధి చేసేవాళ్ళు ఒకరు, కట్టేవాళ్ళు ఇంకొకరు. ఇద్దరి డ్రాయింగులూ వేర్వేరు. ఈ రెండింటి మధ్య సందులోనే పని పాడవుతుంది. అమెరికాలో నయాగరా ఫాల్స్ ఊళ్ళోని లవ్ కెనాల్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1942 నుంచి 1953 దాకా హుకర్ కెమికల్ కంపెనీ అక్కడ పాత కాలువ గోతిలో దాదాపు 21,000 టన్నుల రసాయన వ్యర్థాలు పోసింది, పైన బంకమట్టి కప్పింది, 1953లో స్కూలు బోర్డుకు ఒక్క డాలరుకు అమ్మింది. కింద రసాయనాలున్నాయని దస్తావేజులోనే రాశారు. రాసినా ఏమైంది? అక్కడే బడి కట్టారు, పక్కన ఇళ్ళు లేచాయి, రోడ్లకూ మురుగు లైన్లకూ తవ్వుతూ ఆ బంకమట్టి మూతను, గోడలను చీల్చారు. వాన నీరు లోపలికి దిగింది. గోతి నిండింది. రసాయనాలు ఇళ్ళ సెల్లార్లలోకి ఊరాయి. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను తరలించాల్సి వచ్చింది. ఆ దెబ్బతోనే 1980లో ఇలాంటి విషపు స్థలాల శుద్ధి కోసం సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. ఆ మూత దానంతట అది చెడిపోలేదు, కింద ఏముందో పట్టించుకోకుండా పై పని చేసినవాళ్ళు దాన్ని కోసేశారు. ఇది గుర్తుపెట్టుకోండి.

ముందు కాగితాలు, తర్వాత బోర్లు

సరే, పని ఎక్కడ మొదలుపెట్టాలి? కాగితాల దగ్గర. ఆ స్థలంలో ఏ ఏ దశకంలో ఏం తయారయ్యేదో రాసుకోవాలి. పాత లేఅవుట్లు, పన్ను రికార్డులు, వేర్వేరు సంవత్సరాల్లో విమానం నుంచి తీసిన ఫోటోలు తెచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలి. ఒక ఫోటోలో చెరువులా కనిపించింది తర్వాతి ఫోటోలో చదునుగా ఉందా? అయితే దాన్ని ఏదో ఒకటి పోసి పూడ్చారు. ఏం పోశారు? అక్కడ పనిచేసి రిటైరైన ఫోర్‌మన్ని అడగండి: ట్యాంకర్లు ఎక్కడ కడిగేవాళ్ళు, పాడైన బ్యాచ్ ఎక్కడ పారబోసేవాళ్ళు, కాలువ ఎటు పోయేది. అధికారిక మ్యాపుల్లో ఇవి దొరకవు.

పరిశ్రమను బట్టి విషం మారుతుంది. బొగ్గు నుంచి గ్యాస్ తీసిన పాత గ్యాస్ వర్క్స్ అయితే తారు గుంటలుంటాయి, గ్యాసును శుభ్రం చేయడానికి వాడి పారేసిన ఇనుప ఆక్సైడ్ ఉంటుంది. అది సయనైడ్ పట్టి ముదురు నీలంగా కనిపిస్తుంది, మట్టిలో ఆ నీలం చూస్తే పోల్చుకోవచ్చు. క్రోమ్ ప్లేటింగ్ షెడ్డయితే హెక్సావలెంట్ క్రోమియం, అంటే క్రోమియంలో విషపు రూపం. లోహపు భాగాలకు జిడ్డు వదిలించిన చోట ట్రైక్లోరోఇథిలీన్, అంటే టీసీఈ అనే సాల్వెంటు, జిడ్డు కరిగించే ద్రావకం. కలపకు మందు పట్టించిన చోట క్రియోసోట్ (తారు నుంచి తీసే నూనె), రాగి, ఆర్సెనిక్. పాత ట్రాన్స్‌ఫార్మర్ల గద్దెల చుట్టూ పీసీబీలు, అంటే ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో వాడిన విష రసాయనాలు. అగ్నిమాపక నురగతో డ్రిల్లు చేసిన మైదానంలో పీఫాస్, అంటే సులభంగా విరగని ఫ్లోరిన్ రసాయనాలు. ఈ పీఫాస్‌ను మాత్రం సూక్ష్మజీవులకు వదిలేసి కూర్చుంటే లాభం లేదు.

ఇప్పుడు బోర్ల సంగతి, అంటే మట్టి శాంపిల్ కోసం నేలలోకి వేసే రంధ్రాలు. ఈ లెక్క రాసుకోండి. స్థలమంతా 25 మీటర్లకొక బోరు చొప్పున గళ్ళు గీసి శాంపిళ్ళు తీశారనుకుందాం. ఎకరానికి ఆరేడు బోర్లు. నేలలో ఎక్కడో 10 మీటర్ల వెడల్పున గుండ్రంగా ఒక తారు గుంట ఉంది. ఏదో ఒక బోరు దానికి తగిలే అవకాశం ఎంత? గుంట వైశాల్యాన్ని గడి వైశాల్యంతో భాగించండి. 78ని 625తో భాగిస్తే పన్నెండున్నర శాతం. ఎనిమిదిలో ఒక వంతు. అంటే ఎనిమిది సార్లకు ఏడు సార్లు ఆ గుంట మన రిపోర్టులోకే రాదు! రిపోర్టు మాత్రం అందంగా ఉంటుంది, రంగురంగుల మ్యాపుతో. 95 శాతం నమ్మకంతో దొరకాలంటే దాదాపు 8 మీటర్లకొక బోరు వెయ్యాలి, ఎకరానికి అరవై పైచిలుకు. అన్ని ఎవరు వేస్తారు? అందుకే కాగితాల పని ముందు చెయ్యమన్నాను. సంపులు, ట్యాంకులు, కాలువ జాయింట్లు, లోడింగ్ చోట్లు, వీటి మీద గురిపెట్టి బోర్లు వేసి, మిగతా స్థలానికి గళ్ళు వాడాలి.

శాంపిల్ తీసే చెయ్యి బాగాలేకపోతే బోరు వేసీ దండగే. బెంజీన్, టీసీఈ లాంటివి గాలి తగిలితే ఎగిరిపోతాయి. మట్టిని పారతో ఎత్తి, ప్లాస్టిక్ కవర్లో పోసి, మధ్యాహ్నం ఎండలో జీపులో పెట్టి ల్యాబుకు పంపితే ల్యాబు ఏం రాస్తుంది? "లేదు" అని రాస్తుంది. ల్యాబు తప్పు లేదు, దాని దగ్గరికి వచ్చేసరికి నిజంగానే లేదు. చేయాల్సింది ఇది: బోరు నుంచి మట్టి కడ్డీ బయటికి రాగానే చిన్న గొట్టంతో 5 గ్రాములు కోసి తీసి, అక్కడికక్కడే మిథనాల్ పోసి ఉంచిన 40 మిల్లీలీటర్ల గాజు సీసాలో వెయ్యాలి. సీసా అంచుకు మట్టి రేణువు అంటినా మూత బిగుసుకోదు, తుడిచి బిగించాలి. 4 డిగ్రీల దగ్గర ఉంచి 14 రోజుల్లోపు పరీక్ష అయిపోవాలి. నీటి శాంపిలైతే సీసా పొంగేదాకా నింపి, మూతపెట్టి, తలకిందులు చేసి వేలితో కొట్టి చూడాలి. బుడగ కనిపించిందా, పారబోసి మళ్ళీ తీయండి. ఇంకొకటి, ఐదు చోట్ల మట్టి కలిపి ఒక్క శాంపిల్ చేసే అలవాటు. ఒకచోట 500 ఉండి నాలుగుచోట్ల ఏమీ లేకపోతే కలిపిన దాంట్లో 100 కనిపిస్తుంది. 500 ఉన్న చోటే రేపు పిల్లల ఇసుక గుంట రావచ్చు.

భూగర్భ జలానికి బోరు వేసేటప్పుడు జల్లెడ గొట్టం, అంటే నీరు లోపలికి వచ్చే చిల్లుల గొట్టం, ఏ లోతులో ఉందో చూసుకోవాలి. పెట్రోలు నీటి మీద తేలుతుంది, కాబట్టి జల్లెడ నీటిమట్టాన్ని అడ్డంగా దాటాలి. టీసీఈ నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు, అది మునిగి కిందికి దిగి బంకమట్టి పొర మీద కూర్చుంటుంది. పైన జల్లెడ పెట్టి టీసీఈ లేదంటే ఎలా? అలాగని బంకమట్టిలోంచి తిన్నగా బోరు దించేశారనుకోండి, ఇన్నాళ్ళూ ఆ పొర ఆపి ఉంచిన విషానికి మనమే దారి వేసినవాళ్ళమవుతాం. ముందు పెద్ద కేసింగును బంకమట్టిలో కొంత మేర దించి, బెంటొనైట్ (తడిస్తే ఉబ్బే బంకమట్టి), సిమెంటు కలిపిన గ్రౌటు అనే చిక్కటి ముద్దతో మూసి, అది గట్టిపడ్డాక దాని లోపలి నుంచి చిన్న సైజు బోరు వెయ్యాలి. ఇంత జాగ్రత్త ఎందుకంటారా? తాగునీటిలో టీసీఈకి అమెరికా పెట్టిన హద్దు లీటరుకు 5 మైక్రోగ్రాములు. ఒక్క లీటరు టీసీఈ 29 కోట్ల లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చగలదు. ఒక్క లీటరు!

ఏ పద్ధతి ఎక్కడ చెల్లుతుంది

అన్నీ తెలిశాయి. ఇప్పుడు విషం ఉన్న చోటు, అది నడిచే దారి, అది చేరే మనిషి, ఈ మూడింటినీ కలిపి ఒక బొమ్మ గీయండి. మూడింటిలో ఏ ఒక్కటి తెగినా ప్రమాదం తెగుతుంది. విషాన్ని తీసేయవచ్చు, నాశనం చేయవచ్చు, దారి మూయవచ్చు. ఏది చేసినా మట్టి స్వభావాన్ని బట్టే చెయ్యాలి.

డీజిలు, లూబ్రికెంట్ల నూనె పట్టిన మట్టికి సూక్ష్మజీవులు చాలు. మట్టిని లైనర్ మీద రెండు మీటర్ల ఎత్తు మించకుండా కుప్పలు వేసి, చిల్లుల పైపులతో గాలి లాగాలి, లేదా యంత్రంతో తిరగెయ్యాలి. కర్బనం 100 పాళ్ళుంటే నత్రజని 10, భాస్వరం 1 ఉండేలా ఎరువు కలపాలి. యూరియా ఎక్కువైతే అమ్మోనియా పుట్టి ఆ జీవులనే చంపుతుంది, దండిగా వేస్తే త్వరగా అవుతుందనుకోకండి. తడి ఎంత ఉండాలి? మట్టిని పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ళ సందుల్లోంచి నీరు కారకూడదు. పొడిపొడిగా రాలిపోతే లోపల పని ఆగిపోయినట్టే. నీరు కారుతుంటే గాలి ఆడదు, కుళ్ళు వాసన మొదలవుతుంది. నూనె కిలోకు 50,000 మిల్లీగ్రాములు దాటినా, భారలోహాలు ఎక్కువున్నా జీవులు నిలవవు. తారులోని బరువైన అణువులు, అంటే ఐదారు వలయాలున్నవి, వాటికి త్వరగా లొంగవు. నెలల తరబడి అంకె తగ్గుతూ వచ్చి ఒకచోట ఆగిపోతుంది. అక్కడ కొందరు చేసే పని చెబుతాను, దయచేసి మీరు చేయకండి: మంచి మట్టి తెచ్చి కలిపి అంకెను హద్దు కిందికి దించుతారు. దాన్ని శుద్ధి అనరు. విషం గ్రాము కూడా తగ్గలేదు, పరుచుకుంది, అంతే.

ఇసుక, కంకర ఎక్కువున్న నేలైతే మట్టిని కడిగే యంత్రం మంచిది. విషం ఎక్కువగా సన్నటి రేణువులకు అంటుకుంటుంది. నీటితో రుద్ది, జల్లించి, సుడి తిప్పి సన్నటి భాగాన్ని విడదీస్తే ఇసుకా కంకరా తిరిగి వాడుకోవచ్చు. విషమంతా వడగట్టిన బురద బిళ్ళలోకి చేరుతుంది, దాన్ని సురక్షితంగా పంపించాలి. 2012 ఒలింపిక్స్ పార్కు కోసం లండన్ తూర్పున 2.5 చదరపు కిలోమీటర్ల పాత పారిశ్రామిక నేలలో దాదాపు 20 లక్షల టన్నుల మట్టి తవ్వి, అక్కడికక్కడే శుద్ధి చేసి చాలా భాగం అక్కడే వాడారు. కానీ ఒండ్రు, బంక కలిపి 30 శాతం దాటితే ఈ యంత్రం ఖర్చు గిట్టదు, ఎందుకంటే బురద బిళ్ళే కుప్పలైపోతుంది.

లోహాలు మాయమవవు. వాటిని కదలకుండా కట్టెయ్యాలి. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ఒకదానికి వేసిన మందు ఇంకోదాన్ని లేపుతుంది. సీసానికి ఫాస్ఫేట్ మంచి మందు, కరగని ఖనిజంగా మారుస్తుంది. అదే మట్టిలో ఆర్సెనిక్ ఉంటే? ఇనుప ఆక్సైడ్ మీద ఆర్సెనిక్ కూర్చున్న చోటును ఫాస్ఫేట్ లాక్కుంటుంది, ఆర్సెనిక్ నీళ్ళలోకి దిగుతుంది. సిమెంటు కలిపితే పీహెచ్ పెరిగి సీసం గట్టిపడుతుంది, మరీ ఎక్కువై 12 దాకా పోతే అదే సీసం మళ్ళీ కరుగుతుంది. హెక్సావలెంట్ క్రోమియాన్ని ఫెర్రస్ సల్ఫేట్‌తో ట్రైవలెంట్‌గా, అంటే అంత విషం కాని రూపంగా, మార్చి కదలకుండా చేయవచ్చు. కానీ పక్కనే టీసీఈ ఉందని పర్మాంగనేట్ అనే ఆక్సీకరణ మందు ఎక్కిస్తే, నేలలో నిశ్చింతగా ఉన్న ట్రైవలెంట్ క్రోమియం తిరిగి హెక్సావలెంట్‌గా మారవచ్చు. కాబట్టి లోహాల మొత్తం పట్టిక చూడకుండా ఏ మందూ నేలలో పోయవద్దు. ముందు బకెట్టు మట్టితో ల్యాబులో రెండుమూడు పాళ్ళలో కలిపి, 28 రోజులు ఆగి, నీళ్ళలో ఎంత ఊరుతుందో చూసి, అప్పుడు సైటుకు పోవాలి. నూనె ఎక్కువున్న మట్టిలో సిమెంటు సరిగా గట్టిపడదు, ఆ సంగతి కూడా ఆ బకెట్టులోనే బయటపడుతుంది.

భూగర్భ జలంలోకి పర్మాంగనేట్ లాంటి ఆక్సీకరణ మందులు ఎక్కించడం గురించి ఒక్క మాట. మందు ఇసుక పొరల్లో హాయిగా పారుతుంది, బంకమట్టిలోకి చొరబడదు. మందు పోసిన నెలకు శాంపిల్ తీస్తే అంకె పడిపోయి ఉంటుంది, అందరూ సంతోషిస్తారు. ఏళ్ళ తరబడి బంకలోకి ఇంకిన టీసీఈ ఆ తర్వాత మెల్లగా బయటికి ఊరుతుంది, ఆర్నెల్లకు అంకె మళ్ళీ లేస్తుంది. అందుకే మందు పోయడం ఆపాక కనీసం ఏడాది పాటు, మూణ్ణెల్లకోసారి, వానాకాలమూ ఎండాకాలమూ రెండూ కలిసేలా చూశాకే అయిందనాలి. వేడితో మట్టిలోంచి ఆవిర్లు తోలే పద్ధతీ ఉంది, 90 నుంచి 560 డిగ్రీల దాకా. బాగా పనిచేస్తుంది, ఇంధనం బాగా తింటుంది, తడి మట్టయితే మరీను.

కట్టేవాళ్ళ కోసం

బిల్డర్లు ఈ భాగం శ్రద్ధగా వినండి. షెడ్లు కూల్చాక పాత కాంక్రీటు గచ్చును కూడా మొదటి వారంలోనే పగలగొడతారు, స్థలం ఖాళీగా కనపడాలని. వద్దు. ఆ గచ్చు ఇన్నాళ్ళూ వానకు గొడుగు పట్టింది. దాన్ని తీసేస్తే మొదటి వానకే విషం భూగర్భ జలానికి బయలుదేరుతుంది. శుద్ధి బృందం సిద్ధమయ్యాక, ఎంత మేర పని చేయగలరో అంత మేరే గచ్చు తీయండి. కూల్చే ముందు ట్యాంకులు, పైపులు, సంపులు ఖాళీ చేయించండి. ఆస్బెస్టాస్ రేకులు చేత్తో విడిగా దించండి. శిథిలాలతో కలిపి క్రషర్లో వేస్తే ఆ ముక్కలు స్థలమంతటికీ పాకుతాయి, తర్వాత ఏరడం ఎవరి తరమూ కాదు.

పైల్స్, అంటే నేలలోకి దించే పునాది స్తంభాలు. ఇందాక బోరు గురించి చెప్పిందే పైలుకూ వర్తిస్తుంది, ఇంకా పెద్ద ఎత్తున. బంకమట్టి పొరను వందల పైల్స్ గుచ్చితే వందల దారులు. పైలు చుట్టూ సందు మిగలని పద్ధతి ఎంచుకోవాలి, లేదా ఆ చోట విషం ముందే తీయాలి. క్రోమైట్ ఖనిజం శుద్ధి చేయగా మిగిలిన వ్యర్థాన్ని, కొన్ని రకాల ఉక్కు స్లాగును (కొలిమి చిట్టాన్ని) పాతకాలంలో నేల పూడ్చడానికి వాడారు. అవి తడి తగిలితే ఉబ్బి గచ్చులను లేపుతాయి. వాటి మీద పునాది వెయ్యవద్దు.

తాగునీటి పైపు. ఇది చాలామందికి తట్టదు. బెంజీన్, టోలుయీన్ లాంటివి పాలిథిన్ పైపు గోడలోంచి మెల్లగా లోపలికి చొచ్చుకుపోతాయి. పైపు పగలక్కర్లేదు, లీకు ఉండక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో లెకెర్కెర్క్ అనే ఊళ్ళో రసాయన డ్రమ్ములు పూడ్చిన నేల మీద ఇళ్ళు కట్టారు. తాగునీటిలో సాల్వెంట్లు కనిపించాయి, 1980లో 250కి పైగా కుటుంబాలను ఖాళీ చేయించారు. కాబట్టి అలాంటి నేలలో అల్యూమినియం పొర ఉన్న పైపు గానీ, డక్టైల్ ఐరన్ పైపు గానీ వాడాలి. రబ్బరు గాస్కెట్లు కూడా సాల్వెంటుకు తట్టుకునే రకం కావాలి, లేకపోతే పైపు మంచిదై జాయింటు దగ్గర దెబ్బతింటుంది. పైపుల కందకాలను వెడల్పుగా తవ్వి మంచి మట్టితో నింపండి, రేపు మరమ్మతుకు వచ్చే మనిషి విషంలో చెయ్యి పెట్టకూడదు. ఆ కందకంలో అక్కడక్కడా బెంటొనైట్ అడ్డుకట్టలు కట్టాలి. లేదంటే వదులు ఇసుక నింపిన కందకమే విషపు ఆవిరికి రహదారి అవుతుంది, సరాసరి ఇంటి కిందికి.

ఆవిరంటే గుర్తొచ్చింది. కాంక్రీటు గచ్చు ఉంది కదా, ఆవిరి ఎలా వస్తుంది అని అడుగుతారు. పగుళ్ళలోంచి, పైపులు దూరిన రంధ్రాల్లోంచి. ఇంట్లో గాలి ఒత్తిడి నేలలోకంటే ఓ పిసరు తక్కువుంటే చాలు, ఇల్లే లాక్కుంటుంది. దీనికి గచ్చు కింద 100 నుంచి 150 మిల్లీమీటర్ల కంకర, అందులో చిల్లుల పైపు, పైన ఆవిరి చొరని దళసరి ప్లాస్టిక్ పొర, పైపును మిద్దె దాకా తీసి ఫ్యాను పెట్టాలి. గచ్చు కింద కొన్ని పాస్కల్స్ తక్కువ ఒత్తిడి నిలిస్తే ఆవిరి ఇంట్లోకి రాదు. ఇక్కడ తప్పు ఎక్కడ జరుగుతుంది? పొర పరిచాక ఇనుము కట్టేవాళ్ళు దాని మీద నడుస్తారు, కడ్డీ జారి గుచ్చుకుంటుంది. కాంక్రీటు పోసే ముందు పొర కిందికి పొగ ఊది చూడండి. పొగ లేచిన ప్రతి చోటా అతుకు వెయ్యండి. ముఖ్యంగా పైపుల మెడల దగ్గర. పాత గుంటలను చెత్తతో పూడ్చి ఉంటే మీథేన్ కూడా కొలవాలి. గాలిలో 5 నుంచి 15 శాతం ఉంటే అంటుకుంటుంది.

తోటలు, ఆట స్థలాలు ఉన్న చోట విషం కొంత కింద వదిలేస్తే, దాని మీద రంగు జియోటెక్స్‌టైల్ పరిచి, పైన 60 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా మంచి మట్టి వెయ్యాలి. పదేళ్ళ తర్వాత ఎవరో చెట్టు నాటడానికి తవ్వుతారు, ఆ రంగు గుడ్డ తగిలితే ఆగుతారు. మంచి మట్టి అని లారీ దింపితే నమ్మకండి, అది ఇంకో కూల్చివేత నుంచి రావచ్చు. ప్రతి వనరు నుంచీ ముందే పరీక్ష చేయించండి. తవ్విన గోతి అడుగునా, నాలుగు గోడలకూ శాంపిళ్ళు తీసి, ఫలితం చేతికొచ్చేదాకా పూడ్చవద్దు. గడువు ఒత్తిడిలో ముందే పూడ్చేస్తే, ఫలితం చెడ్డగా వచ్చిన రోజున రెండోసారి తవ్వాలి.

చివరిగా అప్పగింత. ఫ్యాను తిరుగుతోందో లేదో చూపించే చిన్న గేజి గోడకు ఉంటుంది. దాన్ని నెలనెలా ఎవరు చూస్తారో అపార్టుమెంటు సంఘం కాగితాల్లో పేరుపెట్టి రాయించండి, ఫ్యాను కరెంటు బిల్లు ఎవరిదో కూడా. ఎక్కడెక్కడ ఏ లోతులో ఏం మిగిలిందో చూపే మ్యాపును భూమి రికార్డుకు జతచేయించండి, పైపులు వేసే ప్రతి శాఖకూ ఒక కాపీ ఇవ్వండి. నీటిని పరిశీలించే బోర్ల మూతలు టైల్స్ కింద పడిపోకుండా ల్యాండ్‌స్కేప్ డ్రాయింగులో గుర్తించండి. ఇక అవసరం లేదనుకున్న రోజున ఆ బోరును ఇసుకతో కాకుండా, కింది నుంచి పైదాకా గ్రౌటుతో నింపి మూయాలి. ఇక మీ ప్రశ్నలు అడగండి.